ఒంటె పాలు: ఏమున్నాయి, ఎవరికి పనికొస్తాయి, ఎలా వాడుకోవాలి

ఇంట్లో ఒకరికి షుగరు ఉందని తెలిస్తే చాలు, మెంతుల నీళ్లు, కాకరకాయ రసం, నేరేడు గింజల పొడి అంటూ సలహాలు మొదలవుతాయి. ఈ మధ్య ఆ వరుసలో ఒంటె పాలు కూడా చేరాయి. పొడి ప్యాకెట్లు ఆన్‌లైన్‌లో ఆర్డరు చేస్తే ఇంటికే వస్తున్నాయి గాని, వాటి ధర మనం రోజూ కొనే గేదె పాల ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది. అంత డబ్బు పెట్టేవారు ఆ పాలలో ఏమున్నాయో, వాటిని ఎలా కాచుకోవాలో, ఎంత తాగాలో, ఎవరు తాగకూడదో తెలుసుకున్న తరువాతే కొనడం మంచిది. నా అభిప్రాయం మొదటే చెబుతాను. ఒంటె పాలు మంచి ఆహారమే. అయితే వాటిని మందుగా నమ్మి డాక్టరు రాసిచ్చిన మందు మానేస్తే మాత్రం అవి ప్రాణం మీదికి తెస్తాయి.

పాత తెలుగులో ఒంటెకు లొట్టిపిట అనే పేరున్నా, దాని పాలు తాగే అలవాటు మనకు లేదు. మన దేశంలో ఆ అలవాటు రాజస్థాన్‌లోని రాయికాలది, గుజరాత్‌లోని కచ్ ప్రాంతపు రబారీ, జత్ కాపరులది. చాలామంది కాపరులు నాలుగు చన్నుల్లో రెండింటిని పిల్లకు వదిలి మిగిలిన రెండే పితుకుతారు. పిల్ల కాసేపు కుడిస్తేనే ఒంటె చేపుతుంది, ఆ చేపు ఎక్కువసేపు నిలవదు, కాబట్టి పక్కన నిలబడి గబగబా పితకాలి. రాయికాలు తరతరాలుగా ఈ పాలను తాగారు, అతిథులకు పోశారు గాని అమ్మలేదు. పాలు అమ్మడమంటే బిడ్డను అమ్మడమేనన్నది వారి పట్టింపు. అంగట్లో ఒంటె పాలు దొరకడం ఇటీవలి సంగతి కావడానికి అదొక కారణం.

పాలలో ఉన్నవి

ఒంటె పాలలో సుమారు 87 నుంచి 90 శాతం నీరే. మిగిలినదానిలో మాంసకృత్తులు 3 శాతానికి కొంచెం పైన, లాక్టోజ్ అనే పాలచక్కెర నాలుగున్నర శాతం దాకా, ఖనిజ లవణాలు 0.8 శాతం దాకా ఉంటాయి. కొవ్వు సాధారణంగా 3 నుంచి 4 శాతం మధ్య ఉన్నా, మేతను బట్టి, ఈనిన తరువాత గడిచిన కాలాన్ని బట్టి, ముఖ్యంగా నీటిని బట్టి అది బాగా మారుతుంది. నీళ్లు దొరకని రోజుల్లో పాలు చిక్కబడతాయని మనం అనుకుంటాం. ఒంటెలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. నీటి ఎద్దడిలో ఉన్న ఒంటె తన పిల్లకు దాహం తీరేలా మరింత పలుచని పాలు ఇస్తుంది, అప్పుడు కొవ్వు ఒకటిన్నర శాతం కంటే కిందికి కూడా దిగిపోతుంది. అందువల్ల రెండు ప్యాకెట్ల మీద రెండు రకాల అంకెలు కనబడినంత మాత్రాన వాటిలో ఒకటి కల్తీదని అనుకోనక్కరలేదు.

రుచి కూడా మేతను బట్టే ఉంటుంది. నాలుకకు కొంచెం ఉప్పగా తగలడం సహజం. చరక సంహిత చెప్పిన ఎనిమిది రకాల పాలలో ఒంటె పాలు ఉన్నాయి. అవి కాస్త ఉప్పగా, తేలికగా ఉంటాయని, కడుపుబ్బరం, క్రిములు, వాపులు, మొలలు వంటివాటికి మంచివని అందులో ఉంది. ఆ వరుసలో మధుమేహం లేదన్న సంగతి గమనించదగినది. రాజస్థాన్‌లో ఒంటెలు మేసే చెట్లలో ఖేజ్రీ ఒకటి. ఖేజ్రీ అంటే మనం దసరానాడు పూజించే జమ్మి చెట్టే, అటు రాజస్థాన్‌కూ ఇటు తెలంగాణకూ అదే రాష్ట్ర వృక్షం. కచ్‌లోని ఖారాయీ ఒంటెలైతే సముద్రపు పాయల్లో ఈదుకుంటూ వెళ్లి మడ అడవుల ఆకు మేస్తాయి.

మన వంటింటి లెక్కలో చూద్దాం. 200 మిల్లీలీటర్ల ఒంటె పాలలో సుమారు 115 నుంచి 130 కేలరీలు ఉంటాయి. అదే కొలత చిక్కటి గేదె పాలలో 190 దాకా ఉంటాయి. గేదె పాలు మానేసి ఒంటె పాలు మొదలుపెట్టిన మనిషికి బరువు కొంచెం తగ్గి, ఒంట్లో తేలికగా అనిపిస్తే ఆశ్చర్యం లేదు. అయితే 3 శాతం కొవ్వుతో దొరికే టోన్డ్ పాలకు మారినా కేలరీల విషయంలో దాదాపు ఇదే ఫలితం వస్తుంది, ఖర్చు మాత్రం ఎంతో తక్కువ. కాల్షియంలో కూడా ఆవు పాలకూ వీటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

విటమిన్ సి విషయంలో మాత్రం ఒంటె పాలది నిజంగా పైచేయి. లీటరుకు 25 నుంచి 60 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, ఇది ఆవు పాలలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆకుకూర గాని పండు గాని నెలల తరబడి దొరకని ఎడారిలో మందల వెంట తిరిగే కాపరికి ఆ విటమిన్ వరప్రసాదమే. కాని జామకాయ, ఉసిరికాయ, నిమ్మకాయ సందు చివర దొరికే మన ఊళ్లలో ఆ లెక్క మారిపోతుంది. గ్లాసు ఒంటె పాలలో 5 నుంచి 12 మిల్లీగ్రాములు వస్తే, ఒక మోస్తరు జామకాయలో అంతకు పది రెట్లకు పైగానే వస్తుంది, పైగా పాలు కాచినప్పుడు అందులో కొంత పోతుంది. ఒంటె పాల విలువను దాని సొంత నేల మీద నిలబెట్టి చూడాలని, ప్రకటనల్లోని పోలికలను మన పళ్లెం ముందు పెట్టుకుని చూడాలని నేను అనేది ఇందుకే.

మాంసకృత్తుల సంగతి మరింత ఆసక్తికరం. ఆవు పాలు పడని పిల్లల్లో తరచూ ఎలర్జీకి కారణమయ్యే బీటా లాక్టోగ్లోబ్యులిన్ అనే ప్రొటీన్ ఒంటె పాలలో లేదు, తల్లి పాలలోనూ లేదు. పాలు విరిగితే గడ్డ కట్టే కేసిన్ అనే మాంసకృత్తుల్లో కూడా బీటా కేసిన్ వాటా ఎక్కువగా, కప్పా కేసిన్ బాగా తక్కువగా ఉంటుంది. అందుకే ఈ పాలు విరిగితే గట్టి గడ్డ కట్టవు, మెత్తని తునకలుగా ఉండిపోతాయి. మేక పాలు, గేదె పాలు ఆవు పాలకు దగ్గరి చుట్టాలు కాబట్టి ఆవు పాల ఎలర్జీ ఉన్నవారికి అవి కూడా తరచూ పడవు. ఒంటె పాలు అలాంటివారిలో చాలామందికి పడతాయి. అందరికీ పడవు. పాలు తాగగానే దద్దుర్లు లేచే, ఊపిరాడక ఇబ్బందిపడే పిల్లలకు ఇంట్లో చెంచాడు పోసి చూద్దామనుకోవడం ప్రమాదకరం, ఆ పరీక్ష ఎలర్జీ డాక్టరు ఎదుటే జరగాలి.

ఎలర్జీకీ, లాక్టోజ్ పడకపోవడానికీ తేడా ఉంది. పాలు తాగితే కడుపు ఉబ్బి, విరేచనాలయ్యేవారికి సమస్య పాలచక్కెరతో. ఆ చక్కెర ఒంటె పాలలోనూ ఇంచుమించు అంతే ఉంటుంది. కొందరికి ఈ పాలు బాగానే అరిగినట్టు చిన్న పరిశీలనల్లో కనబడినా, లాక్టోజ్ లేని పాలు అని ఎవరైనా చెప్పి అమ్మితే అది అబద్ధం.

షుగరు ఉన్నవారు

మధుమేహానికి ఒంటె పాలు మంచివన్న మాట గాలిలో పుట్టలేదు. బికనేర్‌లోని సర్దార్ పటేల్ వైద్య కళాశాల పరిశోధకులు ఒంటె పాలు తాగే రాయికాలలో మధుమేహం కనబడలేదని 2007లో ప్రచురించారు. తరువాత టైప్ 1 మధుమేహం (ఒంట్లో ఇన్సులిన్ దాదాపుగా తయారుకాని రకం) ఉన్న 24 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు మామూలు చికిత్సతో పాటు రోజుకు అరలీటరు ఒంటె పాలు ఇస్తూ రెండేళ్లు చూశారు. పాలు తాగిన జట్టులో ఇన్సులిన్ అవసరం తగ్గిందని 2011లో ప్రకటించారు. ఇవి నిజాయితీగా జరిగిన పరిశోధనలే, వాటిని కొట్టిపారేయకూడదు. కాని 24 మంది అంటే చాలా చిన్న లెక్క. రాయికాల విషయంలోనైతే పాలతో పాటు, మంద వెంట రోజంతా నడిచే నడకను, వారి తిండిని, వారి వంశాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. కుర్చీలో కూర్చుని పనిచేస్తూ, మూడు పూటలా తెల్లన్నం తిని, రాత్రికి ఒక గ్లాసు ఒంటె పాలు తాగితే రాయికా ఆరోగ్యం వస్తుందని ఆ పరిశోధకులు చెప్పలేదు.

ఒంటె పాలలో ఇన్సులిన్ ఉంటుందని ప్రచారం చేసేవారు ఒక చిన్న సంగతి దాటవేస్తారు. నోటితో తీసుకున్న ఇన్సులిన్‌ను జీర్ణాశయం మిగతా మాంసకృత్తుల్లాగే అరిగించేస్తుంది, ఇన్సులిన్‌ను సూదితో వేసుకోవలసి వస్తున్నది అందుకే. ఒంటె పాలు కడుపులో గట్టిగా గడ్డకట్టవు కాబట్టి అందులోని ఇన్సులిన్ చెడకుండా పేగుల దాకా చేరుతుందేమోనన్నది ఒక ఊహ, అది ఇంకా రుజువు కావలసిన విషయం.

అందువల్ల షుగరు ఉండి ఈ పాలు తాగాలనుకునేవారికి పద్ధతి ఇది. ముందుగా డాక్టరుకు చెప్పండి. మందు గాని ఇన్సులిన్ గాని మీ అంతట మీరు ఒక్క యూనిట్ కూడా తగ్గించకండి. టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లవాడికి ఇన్సులిన్ ఆపితే రోజుల్లోనే ప్రాణాపాయం వస్తుంది. మొదలుపెట్టే ముందు వారం రోజులు పరగడుపునా, భోజనమైన 2 గంటలకూ షుగరు చూసుకుని ఒక పుస్తకంలో రాసుకోండి. మొదలుపెట్టాక కూడా అలాగే రాయండి. అంకెలు తగ్గుతుంటే మోతాదు మార్చే పని డాక్టరుది. ఇన్సులిన్ వేసుకునేవారికి చెమటలు, వణుకు, తల తిరగడం కనబడితే షుగరు పడిపోతున్నదని గ్రహించాలి. ఈ పాలను రోజూ తాగే పాలకు బదులుగా తాగాలి, వాటికి అదనంగా కాదు. బూస్టు, చక్కెర, బెల్లం కలిపి తాగితే ఇంత శ్రమా వృథా.

ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు కూడా ఈ పాలను అంటగడుతున్నారు. రక్తంలోని కొన్ని సూచికల్లో మార్పు చూపిన చిన్న పరిశోధనలు ఉన్నాయి గాని, ఇది చికిత్స అని చెప్పడానికి తగిన ఆధారం లేదు. ఆ డబ్బు పిల్లవాడి స్పీచ్ థెరపీకి పెడితే బిడ్డకు నిజంగా ఉపయోగపడుతుంది. ఆశతో ఉన్న అమ్మానాన్నలకు ఈ మాట చెప్పడం కష్టమే అయినా చెప్పక తప్పదు.

కొనేటప్పుడు

మన దేశపు ఆహార భద్రతా సంస్థ 2016లో ఒంటె పాలకు ప్రమాణాలు నిర్ణయించింది. 2019 జనవరిలో అమూల్ సంస్థ గాంధీనగర్, అహ్మదాబాద్, కచ్‌లలో అరలీటరు సీసాను 50 రూపాయలకు అమ్మడం ప్రారంభించింది. చల్లగా ఉంచితే ఆ సీసా నిలిచేది మూడు రోజులే. తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవారికి ఎక్కువగా అందేవి మంచులా గడ్డకట్టించిన పాలు, పాలపొడి. ఆవు పాలను బాగా వేడిచేసి నెలల తరబడి నిలవుండే డబ్బాల్లో నింపినంత సులువుగా ఒంటె పాలను నింపలేరు, ఎందుకంటే అంతటి వేడికి వీటిలోని మాంసకృత్తులు తట్టుకోలేక విడిపోతాయి.

ప్యాకెట్ మీద 14 అంకెల ఫుడ్ లైసెన్సు నంబరు, తయారైన తేదీ, పాశ్చరైజ్ చేశారన్న మాట ఉన్నాయో లేదో చూడండి. పదార్థాల పట్టీలో ఒంటె పాలు తప్ప మరేమీ ఉండకూడదు. మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థపు పొడి, చక్కెర, ఆవు పాలపొడి వంటివి కనబడితే ఆ ధర పెట్టడం అనవసరం. పొడి కొనేవారు ధరను గ్లాసు లెక్కలోకి మార్చి చూసుకోవాలి. 200 మిల్లీలీటర్ల పాలకు దాదాపు 25 గ్రాముల పొడి పడుతుంది, కాబట్టి 200 గ్రాముల డబ్బా అంటే ఎనిమిది గ్లాసులు. డబ్బా ధరను ఎనిమిదితో భాగిస్తే మీరు గ్లాసుకు ఎంత ఇస్తున్నారో తెలుస్తుంది. చెంచాడు పొడిని గ్లాసెడు నీళ్లలో కలిపి తాగేవారు ఒంటె పాలు కాదు, తెల్లనీళ్లు తాగుతున్నారు.

ధర ఎక్కువగా ఉండడానికి కారణం లేకపోలేదు. ఒంటె చూలు 13 నెలలు మోస్తుంది, పాలు పితకడం చేతిపని, మందలు దూరదూరాన ఉంటాయి. పైగా మన దేశంలో 2012లో 4 లక్షలున్న ఒంటెలు 2019 పశుగణన నాటికి 2.5 లక్షలకు పడిపోయాయి. పాలకు గిట్టుబాటు ధర దొరికితే కాపరి మందను వదులుకోడు. మీరు కొనదలచుకుంటే కాపరుల సహకార సంఘాల నుంచి పాలు సేకరించేవారి దగ్గర కొనమని నా సలహా.

కాచడం, వాడడం

పచ్చిపాలు తాగవద్దు. ఒంటె పాలు కాచితే అందులోని లాక్టోఫెర్రిన్, లైసోజైమ్, యాంటీబాడీలు అనే క్రిములతో పోరాడే మాంసకృత్తులు పోతాయని, పచ్చిగానే తాగాలని కొందరు అమ్మకందారులు చెబుతారు. వేడికి అవి కొంత తగ్గే మాట నిజమే. కాని పచ్చిపాలతో వచ్చే బ్రూసెల్లోసిస్ (బ్రూసెల్లా అనే బాక్టీరియా వల్ల వచ్చే జ్వరం) మనిషిని నెలల తరబడి మంచాన పడేస్తుంది. 2012లో సౌదీ అరేబియాలో బయటపడిన, ఊపిరితిత్తులను దెబ్బతీసే మెర్స్ వైరస్‌కు ఒంటెలే నిలయమని తేలిన తరువాత, పచ్చి ఒంటె పాలు తాగవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. ఆ జబ్బు ముదిరే ప్రమాదం ఎక్కువగా ఉన్నవారిలో మధుమేహ రోగులను, మూత్రపిండాలు చెడినవారిని ఆ సంస్థ ప్రత్యేకంగా పేర్కొంది. అంటే ఈ పాలను ఎవరు ఎక్కువగా వెతుక్కుంటున్నారో, పచ్చిగా తాగితే వారికే ముప్పు ఎక్కువ.

విడిగా తెచ్చిన పాలైతే అడుగు మందంగా ఉన్న గిన్నెలో పోసి, గరిటెతో కలుపుతూ ఒక పొంగు రానిచ్చి, రెండు నిమిషాలు సన్నని సెగ మీద ఉంచి దించండి. చాలాసేపు మరిగించి చిక్కబరచే ప్రయత్నం చేయవద్దు. నురగ ఎక్కువగా వస్తుంది గనుక గిన్నెను సగానికి మించి నింపకూడదు. చల్లారాక మీగడ కట్టలేదని పాలను అనుమానించకండి, వీటిలోని కొవ్వు రేణువులు చాలా చిన్నవి, పైకి తేలి ఒకచోట చేరవు. గడ్డకట్టించిన ప్యాకెట్‌ను ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలో పెట్టి కరగనివ్వాలి, కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించకూడదు. పొడిని ముందు కొద్దిపాటి నీళ్లతో ముద్దలా కలిపి, తరువాత కాచి చల్లార్చిన గోరువెచ్చని నీళ్లు పోస్తే ఉండలు కట్టదు.

పెరుగు తోడుకోలేదని చాలామంది నిరాశపడతారు. కప్పా కేసిన్ తక్కువ కావడం వల్ల తోడు వేసినా ఈ పాలు పుల్లబడి జారుగా ఉంటాయి తప్ప గడ్డపెరుగు కావు. పెరుగన్నమే కావాలంటే సగం గేదె పాలు కలిపి తోడుపెట్టుకోండి, లేదంటే ఆ పుల్లటి పాలను మజ్జిగలా తాగండి. కజకిస్తాన్‌లో షుబాత్ పేరుతో పులిసిన ఒంటె పాలను ఇష్టంగా తాగుతారు. టీకి ఈ పాలు చక్కగా సరిపోతాయి, రాజస్థాన్‌లో అదే వాడుక. రాగిజావలో, చివర్లో దించే ముందు సేమ్యా పాయసంలో కూడా బాగుంటాయి, ఆ కొద్దిపాటి ఉప్పదనం తెలియదు.

మొదటి మూడు రోజులు 50 మిల్లీలీటర్లకు మించకుండా తాగి చూడండి, కొత్తవారికి ఈ పాలు విరేచనకారిగా పనిచేయవచ్చు. పడితే క్రమంగా గ్లాసుకు పెంచుకోవచ్చు. ఏడాది లోపు పసిపిల్లలకు తల్లిపాలకు బదులుగా వీటిని పట్టకూడదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఏ పాలనైనా మాంసకృత్తులు, పొటాషియం, ఫాస్ఫరస్ లెక్క చూసుకునే తాగాలి, దానికి ఒంటె పాలు మినహాయింపు కాదు.

చివరగా, కువైట్, సౌదీలకు పని కోసం వెళ్లిన మనవారికి ఒక మాట. కడప, కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి వెళ్లినవారిలో కొందరు అక్కడి ఎడారుల్లో గొర్రెలూ ఒంటెలూ కాస్తారు. పితికిన గిన్నెలోంచే వెచ్చటి పాలు తాగడం అక్కడ మర్యాద. వీలైనంతవరకు పొయ్యి మీద ఒక పొంగు రానిచ్చి తాగండి, పాలు పితికాక చేతులు సబ్బుతో కడుక్కోండి. అక్కడ ఉండగా దగ్గుతో జ్వరం, ఆయాసం వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఇంటికి వచ్చిన తరువాత సాయంత్రాలు జ్వరం వచ్చిపోతూ, రాత్రిళ్లు చెమటలు పడుతూ, నడుము, కీళ్లు లాగేస్తుంటే అది టైఫాయిడ్ అనో క్షయ అనో అనుకుని మందులు మార్చుకుంటూ పోకండి. పచ్చి ఒంటె పాలు తాగానని డాక్టరుకు చెప్పండి. ఆ ఒక్క మాటతో డాక్టరు బ్రూసెల్లా రక్తపరీక్ష చేయిస్తారు. జబ్బు అదేనని తేలితే వారాల తరబడి, సాధారణంగా ఆరు వారాలు, మందులు వాడవలసి ఉంటుంది, మధ్యలో జ్వరం తగ్గినా ఆపకూడదు.